కాలువ కట్టేసే ముందు

(రాత్రి బడి అక్కచెల్లెళ్ళ సమావేశంలో ఒక వాలంటీరు టీచరు చేసిన ప్రసంగం)



వెనక కూర్చున్న మామ్మగారూ, నా మాట వినిపిస్తోందా? కాస్త ముందుకి జరగండి. పిల్లల్ని కూడా తెచ్చుకున్నారు, మంచిదే. ఏడిస్తే బయటికి తీసుకెళ్ళి మళ్ళీ రండి. మొహమాటపడకండి.

ఇవాళ పుస్తకం తెరవక్కర్లేదు. పలక మాత్రం దగ్గర పెట్టుకోండి. లెక్క వేసే పని ఉంది. ఇవాళ మనం నీళ్ళ గురించి మాట్లాడుకుందాం.

కొందరు నవ్వుతున్నారు. ఎందుకో నాకు తెలుసు. కోనసీమలో కూర్చుని నీళ్ళ కరువు మాటేమిటి అని. ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ఠ, మధ్యలో వైనతేయ. కింద సముద్రం. ఎటు చూసినా కొబ్బరి చెట్లు, బోదెలు, చెరువులు. మన ఇంటికి చుట్టాలొస్తే "మీకేంటండీ, నీళ్ళలో పుట్టారు" అంటారు.

మరి నిరుడు మే నెలలో ఏం జరిగింది? మన మంచినీళ్ళ చెరువు అడుగంటింది. ఉన్న నీళ్ళు ఆకుపచ్చగా తిరిగాయి. వాసన వేశాయి. కొళాయి రోజు విడిచి రోజు వచ్చింది. పైపు చివర ఉన్న పేటలో అదీ రాలేదు. రెండు వారాలు తిరక్కుండా ఇంటింటా వాంతులు, విరేచనాలు. ఇక్కడ కూర్చున్న ఒక అక్క తన బిడ్డని రాత్రికి రాత్రి మోటారు సైకిలు మీద అమలాపురం తీసుకెళ్ళింది. బిడ్డ బతికాడు. ఆసుపత్రికి తెచ్చిన అప్పుకి ఆ అక్క ఇప్పటికీ వడ్డీ కడుతోంది.

ఇది కరువు కాదా అక్కా? నేల బీటలు వారితేనే కరువు అనుకుంటాం. ఇంట్లో తాగే నీళ్ళు లేకపోతే అదీ కరువే.

మన కరువుకి ఒక తేదీ ఉంది. ఇది బాగా గుర్తు పెట్టుకోండి. దాళ్వా వరి కోతకొచ్చాక, ఏప్రిల్ నెలలో, ధవళేశ్వరం దగ్గర కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. కాలువ కట్టేశారు అంటాం కదా, అదే. పూడిక తీయాలి, గట్లు బాగుచేయాలి, లాకుల మరమ్మతులు చేయాలి. నీళ్ళు పారుతుంటే ఆ పనులు కావు. మళ్ళీ జూన్ నెలలో వదులుతారు. ఒక్కో ఏడాది వారం అటూ ఇటూ అవుతుంది. ఆ నెలన్నర, రెండు నెలలు మన చెరువులో ఉన్న నీళ్ళే మన నీళ్ళు. అందుకే కట్టేసే ముందు ఊరి చెరువులన్నీ నింపుకోమని అధికారులు చెప్తారు. చెరువు నింపుకున్న ఊరు జూన్ దాకా గట్టెక్కుతుంది. నింపుకోని ఊరు టిన్నులు కొనుక్కుంటుంది.

మన ఊరు కాలువకి చివర ఉంది. పైనున్న ఊళ్ళు నింపుకున్నాక మన వంతు వస్తుంది. మనం మేలుకునేసరికి నీళ్ళు తగ్గిపోతాయి. నిరుడు జరిగింది అదే. చెరువు సగం నిండింది. ఆ సగం కూడా పూడిక మీద, గుర్రపుడెక్క మీద నిండింది.

మన ముత్తవ్వల కాలంలో ఈ కాలువే లేదు. అప్పుడు కోనసీమ కూడా వాన మీద బతికిన సీమే. 1832, 1833 సంవత్సరాల్లో పెద్ద కరువు వచ్చింది. నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి నందన కరువు అన్నారు. మనుషుల డొక్కలు ఎండిపోయాయి కాబట్టి డొక్కల కరువు అని కూడా అన్నారు. గుంటూరు వైపు ఘోరంగా చచ్చిపోయారు. మన గోదావరి సీమలో కూడా ఎంతోమంది పోయారు. చూడండి, గోదావరి పక్కనే సముద్రంలోకి పోతోంది. ఒడ్డున మనుషులు ఆకలితో, దాహంతో పోతున్నారు. తర్వాత కాటన్ దొర వచ్చాడు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. వీరన్న గారనే మన తెలుగాయన ఆ పనిలో ఆయనకి కుడిభుజంగా ఉన్నాడు. ఇప్పుడున్న బ్యారేజీ ఆ పాత ఆనకట్ట బదులు తర్వాత కట్టింది. పి.గన్నవరం దగ్గర కాలువ వైనతేయ మీదుగా వంతెన మీద పారుతుంది, చూశారు కదా? నది మీద నది! రాజోలు వైపు ఊళ్ళన్నీ ఆ వంతెన మీదుగా వచ్చే నీళ్ళనే తాగుతాయి. మీరు బస్సులో వెళ్ళేటప్పుడు ఒక్కసారి తల బయటికి పెట్టి చూడండి. జాగ్రత్తగా చూడండి, బస్సులు వేగంగా వస్తాయి.

కాబట్టి మన ఇంటి బిందెలో నీళ్ళు ఆకాశం నుంచి తిన్నగా పడటం లేదు. మనిషి కట్టిన కాలువలో వస్తున్నాయి. మనిషి తీస్తే వస్తాయి, మనిషి మూస్తే ఆగుతాయి. ఎప్పుడు మూస్తారో ముందే తెలుస్తుంది.

తేదీ లేని కరువు నేను ఒకసారి చూశాను. అది చెప్తాను.

టీచర్ ట్రైనింగులో హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయిది కదిరి వైపు ఒక పల్లె. అప్పట్లో అది అనంతపురం జిల్లా. 2022లో జిల్లాలు విడదీశాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. మన కోనసీమ కూడా అప్పుడే వేరే జిల్లా అయింది కదా. వేసవి సెలవుల్లో ఎనిమిది రోజులు వాళ్ళింటికి వెళ్ళాను. ఎర్ర నేల, రాళ్ళ గుట్టలు. చింత చెట్లు, కానుగ చెట్లు. వాళ్ళు వేసేది వేరుశనగ. శెనిక్కాయలు అంటారు. వానకి విత్తి, వాన కోసం ఆకాశం వంక చూస్తూ కూర్చోవడమే. మనకి ఏడాదిలో పడే వానలో వాళ్ళకి సగం పడుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు. దేశంలోనే బాగా తక్కువ వాన పడే చోట్లలో అదొకటి. ఆ కాస్తా కూడా పడాల్సిన నెలలో పడదు.

వాళ్ళకి గొర్రెలు కూడా ఉన్నాయి. పంట పోయినా గొర్రె ఉంటే ఇల్లు నిలబడుతుంది అంటారు. కానీ గొర్రెకి నీళ్ళు కావాలి కదా! ఎండాకాలం గొర్రె రోజుకి నాలుగు లీటర్లు తాగుతుందనుకోండి. వంద గొర్రెలకి ఎంత? పలక మీద వెయ్యండి. నాలుగు వందల లీటర్లు. అవి పది మంది మనుషుల వాడకానికి సరిపడే నీళ్ళు. అందుకని బాగా కరువు వచ్చిన ఏడాది మగవాళ్ళు మందలు తోలుకుని నీళ్ళున్న సీమకి పోతారు. పాలమూరు వైపు గొర్రెలకాపర్లు కృష్ణ వైపు, నల్లమల వైపు పోతారు. నెలల తరబడి తిరుగుతారు. ఇంటి దగ్గర ఎవరుంటారు? ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు. మంద నడిచి నీళ్ళ దగ్గరికి పోతుంది. ఇల్లు నడవదు. ఇంటికి నీళ్ళు ఆడదే మోసుకు రావాలి.

మా స్నేహితురాలి ఊరికి ట్యాంకరు వచ్చేది. రోజూ కాదు, వచ్చినప్పుడు. హారను వినపడగానే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పరుగు. ఒక వదిన పిండి చేతులతోనే పరిగెత్తింది. బిందెలు వరస పెట్టి ఉంచేవారు. మనిషి లేకపోయినా బిందె వరసలో ఉంటుంది. ఆ బిందెని ఎవరూ కదపరు. అది వాళ్ళ కట్టుబాటు. ఆ కట్టుబాటు నాకు భలే నచ్చింది.

మొదటి రోజు నేను ఒక తప్పు చేశాను. బయటి నుంచి వచ్చి, మనింట్లో అలవాటు ప్రకారం, తొట్టి దగ్గర చెంబు తీసుకుని కాళ్ళ మీద గుమ్మరించుకున్నాను. రెండు చెంబులు. మూడో చెంబు ముంచుతుంటే వాళ్ళ అవ్వ చూసింది. తిట్టలేదు. "ఏమ్మా, మీ తావ నీళ్ళు శానా ఉంటాయంట గదా?" అంది. అంతే. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ రోజు నుంచి నేను చూస్తూ వచ్చాను. ఆ ఇంట్లో ఒక చుక్క ఒక్క పనికే వాడరు. బియ్యం కడిగిన నీళ్ళు గొర్రెపిల్లకి. స్నానం ఒక రాతి బండ మీద చేస్తారు. ఆ నీళ్ళు కాలవ తీసినట్టు వంకాయ మొక్కకి పోతాయి. అంట్లు ముందు బూడిదతో తోమి, తర్వాత కొద్ది నీళ్ళతో రెండుసార్లు తొలుస్తారు. ఇదంతా తెలివే. మనమూ నేర్చుకోవచ్చు.

ఇంకోటి కూడా చూశాను. అది నేర్చుకోవద్దు. అన్నం తినేటప్పుడు ముందు మగవాళ్ళకి నీళ్ళు, తర్వాత పిల్లలకి, తర్వాత అవ్వకి. ఆ ఇంటి వదినకి అప్పుడు ఆరో నెల. ఆవిడ చివర తాగేది. కుండలో మిగిలితే తాగేది. "దప్పిక లేదులే" అనేది. పగలు బయటికి వెళ్ళాల్సి వస్తుందని కూడా తక్కువ తాగేది. నాలుగో రోజుకి మూత్రంలో మంట, జ్వరం. నర్సమ్మ వచ్చి చూసి ఏం మందు చెప్పిందో తెలుసా? మాత్రలు ఇచ్చి, నీళ్ళు బాగా తాగు అంది. ఆవిడ నవ్వింది. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

మనింట్లో మాత్రం ఎలా ఉంది? నిరుడు మే నెలలో టిన్ను నీళ్ళు ఎవరు తాగారు, బోరింగు ఉప్పు నీళ్ళు ఎవరు తాగారు? చెప్పండి. నాకు చెప్పక్కర్లేదు, మీలో మీరు అనుకోండి. టిన్ను ఆయనకి, పిల్లలకి. మనకి బోరింగు. "నాకు అలవాటేలెండి" అంటాం. ఆ అలవాటు మన ఒంటికి అప్పు. చూలింత, బాలింత, పాలిచ్చే తల్లి అందరికన్నా ఎక్కువ నీళ్ళు తాగాలి. పాలు ఎక్కడి నుంచి వస్తాయనుకున్నారు?

అనంతపురం వాళ్ళకీ మనకీ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ నీళ్ళు పడకపోతే బోరు ఇంకా లోతుకి దింపుతారు. ఒక ఊళ్ళో పొలాన ఎన్ని బోర్లు ఎండిపోయాయో చూపించారు. అప్పులు చేసి వేసిన బోర్లు. లోతుకి పోయిన కొద్దీ కొన్ని చోట్ల నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ వస్తుంది. పిల్లల పళ్ళు గారపడతాయి, పెద్దయ్యాక కీళ్ళు బిగుసుకుంటాయి. నల్గొండ జిల్లాలో కూడా ఈ బాధ చాలా కాలం పడ్డారు. 1995, 1996 సంవత్సరాల్లో సత్యసాయి ట్రస్టు వాళ్ళు అనంతపురం జిల్లాలో ఏడు వందలకు పైగా ఊళ్ళకు పైపుల్లో నీళ్ళు ఇచ్చారు. ఆ నీళ్ళొచ్చిన ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ రోజు గురించి పండగలా చెప్తారు.

మన దగ్గర లోతుకి పోతే ఏమవుతుంది? ఉప్పు. మన ఇసక నేలలో తియ్యటి నీళ్ళు పైన ఉంటాయి, ఉప్పు నీళ్ళు కింద ఉంటాయి. పాల మీద మీగడ కట్టినట్టు. వాన నీళ్ళు, కాలువ నీళ్ళు ఇంకి ఆ మీగడ కడుతుంది. కాలువ కట్టేస్తే మీగడ పల్చనవుతుంది. మోటారు పెట్టి లాగేస్తే మీగడ చిరిగి కింది ఉప్పు పైకొస్తుంది. ఒకసారి వచ్చిన ఉప్పు తొందరగా పోదు. సముద్రం దగ్గరి ఊళ్ళలో రొయ్యల చెరువులు తవ్వి ఉప్పు నీళ్ళు నింపాక పక్క ఇళ్ళ బావులు ఉప్పు తిరిగాయని మీరే నాతో చెప్పారు. ఆ చెరువుల్లో మన వాళ్ళే కూలికి పోతున్నారు, నిజమే. కూలి కావాలి. బావి కూడా కావాలి.

ఇక్కడ ఒక మాట. ఉప్పు నీళ్ళు మరగబెడితే మంచివవుతాయని కొందరు అనుకుంటారు. కావు. మరిగిస్తే క్రిములు చస్తాయి. ఉప్పు పోదు. నీళ్ళు ఆవిరై పోతాయి, ఉప్పు అందులోనే ఉంటుంది. ఇంకా ఉప్పగా అవుతాయి. చెరువు నీళ్ళు మాత్రం తప్పక వడగట్టి, బాగా కళపెళ మరిగించి తాగండి. విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పొడి ఒక లీటరు మంచినీళ్ళలో మొత్తం ప్యాకెట్టు కలిపి పట్టించండి. సగం ప్యాకెట్టు, గ్లాసు నీళ్ళు, ఇలా వద్దు. బావిలో బ్లీచింగు వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు. అది కొలిచి వెయ్యాలి. గుప్పెట్లతో విసరకూడదు. ఆ పని ఆరోగ్య కార్యకర్త చేత చేయించండి.

మా అమ్మ 1996 తుపాను సంగతి చెప్తుంది. నేను అప్పటికి పుట్టలేదు. నవంబరు 6 రాత్రి. కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా విరిగాయి. వందల మంది పోయారు. తెల్లారి చూస్తే ఎటు చూసినా నీళ్ళే. తాగడానికి చెంబెడు లేవు. చెరువుల్లో ఉప్పు నీళ్ళు, కుళ్ళిన ఆకులు, చచ్చిన పశువులు. మా అమ్మ మూడు రోజులు కొబ్బరి బొండాం నీళ్ళు తాగి బతికిందట. "నీళ్ళలో నిలబడి నీళ్ళకి ఏడిచామే" అంటుంది.

సరే, ఇప్పుడు పలకలు తియ్యండి.

మనిషికి రోజుకి ఎన్ని నీళ్ళు కావాలి? ప్రభుత్వం పల్లెటూళ్ళకి మొదట్లో పెట్టుకున్న లెక్క 40 లీటర్లు. అందులో తాగడానికి 3. వంటకి 5. స్నానానికి 15. అంట్లకి, ఇల్లు కడగడానికి 7. దొడ్డికి వెళ్ళడానికి 10. కూడండి. నలభై వచ్చిందా? బాగుంది. ఎడారి అభివృద్ధి పథకం కింద ఉన్న సీమల్లో పశువుకి ఇంకో 30 లీటర్లు కలిపారు. మన రాష్ట్రంలో అనంతపురం ఆ పథకంలో ఉండేది. ఆ నలభై తర్వాత యాభై అయిదు అయింది, 2019లో పెట్టిన జల జీవన్ మిషన్ లెక్క కూడా అదే. అదీ ఇంట్లో కొళాయికి రావాలని.

మీ ఇంట్లో అయిదుగురు ఉన్నారనుకుందాం. నలభై చొప్పున వేస్తే 200 లీటర్లు. మన స్టీలు బిందెలో దాదాపు 15 లీటర్లు పడతాయి. అంటే పదమూడు బిందెలు దాటింది. యాభై అయిదు చొప్పున వేస్తే 275 లీటర్లు. పద్దెనిమిది బిందెల పైమాట. నిరుడు మే నెలలో మీరు చెరువు నుంచి రోజుకి ఎన్ని బిందెలు తెచ్చారు? నాలుగా? ఆరా? ఆరు బిందెలు అనుకుందాం. చెరువు అర కిలోమీటరు. వెళ్ళి రావడం ఒక కిలోమీటరు. ఆరు కిలోమీటర్లు నడిచారు. అందులో మూడు కిలోమీటర్లు పదిహేను కిలోల బరువు చంకన పెట్టుకుని. ఎవరైనా కూలి ఇచ్చారా? ఇంట్లో కూడా ఎవరూ దాన్ని పని అనరు. "ఖాళీగానే ఉంది" అంటారు.

టిన్ను కొనేవాళ్ళు ఇంకో లెక్క వెయ్యండి. టిన్ను పదిహేను రూపాయలు అనుకోండి. రోజుకి రెండు. ముప్పై రూపాయలు. నెలకి తొమ్మిది వందలు. రెండు నెలలకి పద్దెనిమిది వందలు. అంటే కూలికి పోయే అక్కకి ఎన్ని రోజుల కూలి? అది మీరే వేసుకోండి, మీ కూలి మీకు తెలుసు.

నేను బడిలో ఇంకో లెక్క చూస్తాను. హాజరు పట్టీ. ఒంటిపూట బడులు మొదలవగానే మగపిల్లలు గంటకి వస్తారు. ఆడపిల్లలు అరగంట ఆలస్యంగా వస్తారు. కొందరు రారు. అడిగితే తల వంచుకుంటారు. చేతులు చూస్తే బిందె అంచు ఒరుసుకున్న గుర్తులు ఉంటాయి. మీరు చిన్నప్పుడు బడి ఎందుకు మానేశారో నాకు చాలామంది చెప్పారు. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి, గేదెల్ని తోలడానికి, నీళ్ళు తేవడానికి. ఇప్పుడు ఈ వయసులో వచ్చి కష్టపడి అక్షరాలు దిద్దుతున్నారు. మీ కూతుళ్ళ బిందె తమ్ముడి చేతికి కూడా ఇవ్వండి. సైకిలు హ్యాండిలుకి బిందె కట్టుకుని తేలేడా వాడు?

ఇంకో మాట చెప్పాలి. కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి. కొళాయి పైపుకి మోటారు బిగించి లాగే ఇళ్ళు మన ఊళ్ళో ఉన్నాయి. పేర్లు చెప్పను. అందులో రెండిళ్ళ ఆడవాళ్ళు ఇక్కడే కూర్చున్నారు, మన చదువులోనే ఉన్నారు, నాకు వాళ్ళంటే ఇష్టం కూడా. పైన మోటారు ఆడితే కింద పేటలో కొళాయి గాలి ఊదుతుంది. పేటలో అక్కలు తెల్లవారుజామున మూడు గంటలకి లేచి కూర్చుంటున్నారు. మీ డాబా మీద ట్యాంకు నిండిపోయి కారుతుంటే, అక్కడ ఒక బిందె నిండలేదు. కదిరి దగ్గర పల్లెలో మనిషి లేకపోయినా బిందె వరస తప్పలేదని చెప్పాను కదా. వాళ్ళకి మన కంటే నీళ్ళు తక్కువ.

చట్టం కూడా కొంత ఉంది. 2002లో మన రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. వాల్టా అంటారు. ఊరందరూ తాగే బావికి, బోరుకి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా సొంత బోరు వెయ్యకూడదని అందులో ఉంది. మన చెరువు గట్టు పక్కన కొత్త బోరు పని మొదలైతే మీరు అడగొచ్చు. అరవక్కర్లేదు. "కాయితం చూపించండి" అంటే చాలు. ఇప్పుడు ఆ కాయితం చదవగలరు కూడా.

చదువుకుంటే ఏమొస్తుంది అని మీ ఇళ్ళలో అడిగేవాళ్ళు ఉన్నారు. నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరుంది. మీలాగే రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం చదివారు. అది సారాయి ఇల్లు ఎలా కూల్చిందో చెప్పే కథ. చదివి, ఇది మన కథే కదా అనుకున్నారు. రోశమ్మ గారు ముందు నిలబడ్డారు. ఊళ్ళో సారాయి దుకాణం మూయించారు. 1992లో అది జిల్లా అంతా పాకింది, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాయి నిషేధించింది. మొదలైంది ఒక పాఠంతో.

మనం అంత పెద్ద పని చెయ్యక్కర్లేదు. మనకి కావాల్సింది ఒక చెరువు.

ఇప్పుడు మార్చి నెల. కాలువ ఇంకా పారుతోంది. పూడిక తియ్యాలంటే ఇప్పుడే తియ్యాలి. చెరువు నిండాక ఎవరూ తియ్యలేరు. నిరుడు మనం మే నెలలో వెళ్ళి అడిగాం. ఖాళీ బిందెలు పట్టుకుని వెళ్ళాం, రోడ్డు మీద కూర్చున్నాం. అప్పుడు వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? రెండు ట్యాంకర్లు పంపారు. ట్యాంకరు దగ్గర మనలో మనమే కొట్టుకున్నాం. ఒక మామ్మగారి చెయ్యి బెణికింది.

ఈసారి ముందే వెళ్దాం. పంచాయతీలో సగం సీట్లు ఇప్పుడు ఆడవాళ్ళవే. మన వార్డు మెంబర్లలో కూడా ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళని కూడా తీసుకెళ్దాం. ఒకావిడ "మా ఆయన్ని అడిగి చెప్తా" అంది. అడగనివ్వండి. మనం మాత్రం ఆవిడనే పిలుద్దాం, ఆయన్ని కాదు.

అర్జీ నేను ఒక్కదాన్నే రాయలేదు. నిన్న రాత్రి నలుగురు అక్కలు కూర్చుని చెప్తుంటే బోర్డు మీద రాశాం. తప్పులు దిద్దాం. ఇప్పుడు చదువుతాను. మీరు వెంట చదవండి. మాట నచ్చకపోతే ఆపండి, మారుద్దాం.

"గౌరవనీయులైన సర్పంచ్ గారికి,

ఈ ఊరి ఆడవాళ్ళం నమస్కరించి రాసుకునే అర్జీ.

నిరుడు ఎండాకాలంలో మంచినీళ్ళ చెరువు సగమే నిండింది. నీళ్ళు పాడయ్యాయి. మా పిల్లలకి జబ్బు చేసింది. ఈ ఏడాది కాలువ కట్టేసే లోపు చెరువులో గుర్రపుడెక్క, పూడిక తీయించండి. తర్వాత చెరువు నిండా నీళ్ళు పెట్టించండి. నీళ్ళు పెట్టే రోజు మాకు ముందు చెప్పండి. మేము గట్టు మీద ఉంటాం. చెరువులో గేదెల్ని కడగకుండా, బట్టలు ఉతకకుండా కంచె వేయించండి. గేదెలకి, బట్టలకి వేరే రేవు చూపించండి. కొళాయి పైపులకి బిగించిన మోటార్లు తీయించండి. నీళ్ళు చాలకపోతే ట్యాంకరు ముందు పేట చివర నుంచి మొదలుపెట్టి రావాలి. వచ్చే గ్రామసభలో ఈ సంగతి మాట్లాడాలి. మేమందరం వస్తాం."

గేదెల రేవు సంగతి ఎవరు చెప్పారు? ఆ, మీరే. మంచి మాట. పాలిచ్చే గేదె ఎండాకాలంలో రోజుకి యాభై, అరవై లీటర్లు తాగేస్తుంది. దానికి చోటు చూపించకుండా చెరువులోకి రావద్దంటే ఎవరూ వినరు.

మోటార్ల మాట తీసేద్దామా? ఎవరో గొణిగారు. చేతులెత్తండి. ఉంచాలనేవాళ్ళు? సరే, ఉంచుదాం. ఆ రెండిళ్ళ అక్కలు కూడా ఒకరు చెయ్యి ఎత్తారు. నేను చూశాను.

తేదీ వెయ్యలేదు. రేపు పొద్దున్న వెళ్ళేటప్పుడు వేద్దాం. ఎనిమిది గంటలకి రావిచెట్టు దగ్గర కలుద్దాం. పేట నుంచి వచ్చేవాళ్ళ కోసం ఆగుదాం.

వేలిముద్ర డబ్బా తేలేదు నేను. అడక్కండి. పెన్ను ఇటు చివర నుంచి వస్తుంది. మామ్మగారూ, మీరు మొదలుపెట్టండి. తొందర లేదు. మీ పేరులో ఒత్తు ఉంది, అది కింద రాయాలి. ఆ, అలాగే.